థైరాయిడ్ డోస్ కుదరడానికి టైమ్ పడుతుంది, తొందరపెట్టకండి

థైరాయిడ్ టాబ్లెట్ వేసుకునేవాళ్ళు ఇద్దరు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న "నీది ఎంత డోస్?" అనే. ఒకళ్ళు 50 అంటారు, ఇంకొకళ్ళు 125 అంటారు, ఇక 125 వాళ్ళకి జబ్బు బాగా ముదిరిపోయినట్టు, 50 వాళ్ళకి ఏదో కొంచెం ఉన్నట్టు అక్కడికక్కడే తేల్చేసుకుంటారు. నిజానికి ఈ పోలిక వల్ల ఏమీ తెలియదు. మా ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరం ఏళ్ళ తరబడి ఈ టాబ్లెట్ మీదే ఉన్నాం, ఇద్దరి డోసులూ వేరు, అవి కుదిరిన తీరూ వేరు, మధ్యలో ఇద్దరికీ మారాయి కూడా. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటే, డాక్టర్ చీటీ మీద రాసే మైక్రోగ్రాములు సగం సంగతే, అందులో ఎంత ఒంట్లోకి చేరుతోంది, చేరాక దానికి ఎంత టైమ్ ఇచ్చి టెస్ట్ చేస్తున్నాం అన్నది మిగతా సగం. చాలామంది మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేస్తారు, డోస్ పెరగడం తగ్గడం మళ్ళీ పెరగడం అక్కడే మొదలవుతుంది.

ఈ మందు పేరు లీవోథైరాక్సిన్, థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోన్ తయారుచేయనివాళ్ళకి ఇస్తారు. మన థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 హార్మోన్ ఏదో ఇదీ అచ్చంగా అదే, ఫ్యాక్టరీలో తయారైందన్న తేడా తప్ప. దీన్ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు, మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు, కాబట్టి 12.5 మైక్రోగ్రాములు అటూ ఇటూ అయినా కొంతమందికి తేడా తెలుస్తుంది. మిగతా మందుల్లాగా "ఒకటి ఎక్కువైతే ఏమవుతుందిలే" అనుకునే మందు కాదు ఇది.

ముందు టీఎస్‌హెచ్ గురించి, ఎందుకంటే డోస్ అంతా దాన్ని చూసే వేస్తారు. టీఎస్‌హెచ్ ఒక హార్మోన్, థైరాయిడ్ తయారుచేసేది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి తయారుచేసేది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గిందని పిట్యూటరీకి తెలియగానే టీఎస్‌హెచ్ పెంచుతుంది, హార్మోన్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గించేస్తుంది. అంటే రిపోర్ట్‌లో నంబర్ పెరిగితే మనకి మందు చాలట్లేదని, నంబర్ బాగా పడిపోతే మందు ఎక్కువైందని. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు, టీఎస్‌హెచ్ 0.1 వచ్చింది, థైరాయిడ్ బాగా తగ్గిపోయినట్టుంది డోస్ పెంచాలేమో అని కంగారుపడతారు. అక్కడ తగ్గించాలి.

ఇంకో సంగతి, ఈ టీఎస్‌హెచ్ నంబర్ మామూలు లెక్కలో పెరగదు. ఒంట్లో టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ రెట్టింపై ఊరుకోదు, పదుల రెట్లు, వంద రెట్ల దాకా కూడా ఎగబాకవచ్చు. అందుకే టీఎస్‌హెచ్ 40 ఉన్నవాళ్ళ జబ్బు 10 ఉన్నవాళ్ళకంటే నాలుగు రెట్లు ఎక్కువ అనుకోకూడదు, అలాగే 40 నుంచి 8కి వచ్చిందంటే అంతా బాగైపోయిందనీ కాదు. మామూలుగా ల్యాబ్‌లు 0.4 నుంచి 4 చుట్టుపక్కల రేంజ్ ఇస్తాయి, ల్యాబ్‌ని బట్టి కొంచెం మారుతుంది, వయసు పెరిగేకొద్దీ పై హద్దు కూడా కొంచెం పెరుగుతుంది. డెబ్భై దాటినవాళ్ళకి 5 వచ్చిందని పాతికేళ్ళ అమ్మాయికి పెంచినట్టు డోస్ పెంచేయడం సరైన పని కాదు. 2017లో టీఎస్‌హెచ్ కొంచెమే పెరిగిన పెద్దవయసు వాళ్ళ మీద ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి, ఏడొందల మందికి పైగా ఉన్నారు అందులో, ఈ టాబ్లెట్ వేసుకున్నవాళ్ళకీ ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ నీరసం దగ్గరా మిగతా లక్షణాల దగ్గరా తేడా కనపడలేదు. కాబట్టి కొంచెం పెరిగిన ప్రతి నంబర్‌కీ మందు అక్కర్లేదు, 10 దాటితే మాత్రం ఎక్కువమంది డాక్టర్లు మొదలుపెట్టేస్తారు.

ఇప్పుడు అందరూ ఓపిక పోగొట్టుకునే చోటు చెప్తాను. లీవోథైరాక్సిన్ ఒంట్లో చాలా నెమ్మదిగా తరుగుతుంది, ఇవాళ వేసుకున్నదాంట్లో సగం కరగడానికే దాదాపు ఏడు రోజులు. దీని అర్థం ఏంటంటే డోస్ మార్చిన రోజు నుంచి రక్తంలో లెవెల్ రోజుకి కొంచెం కొంచెం పెరుగుతూ ఐదారు వారాలకి గానీ ఒకచోట నిలబడదు, ఆ తర్వాత పిట్యూటరీ దాన్ని చూసి టీఎస్‌హెచ్ సర్దుకోవాలి. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టెస్ట్ చేయించమంటారు. మూడో వారంలో చేయిస్తే వచ్చే నంబర్ ఇంకా దారిలో ఉన్న నంబర్. అది చూసి "ఇంకా తగ్గలేదు" అని డోస్ పెంచేస్తే, మొదటిసారి పెంచిన దాని ఫలితం, రెండోసారి పెంచిన దాని ఫలితం రెండూ కలిసి రెండు నెలల తర్వాత ఒకేసారి మీద పడతాయి. అప్పుడు గుండె దడ, చేతులు వణుకు, నిద్ర పట్టకపోవడం, ఊరికే చెమటలు. మళ్ళీ తగ్గిస్తారు, మళ్ళీ మూడు వారాలకే టెస్ట్, మళ్ళీ పెంపు. ఇలా ఏడాది అంతా తిరిగేవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళ జబ్బులో కొత్తగా వచ్చిన మార్పేమీ లేదు, టెస్ట్‌కి టెస్ట్‌కి మధ్య ఆగాల్సినంత ఆగలేదు అంతే.

నంబర్ సర్దుకున్నా ఒళ్ళు వెంటనే సర్దుకోదు. నీరసం, చలి, మలబద్ధకం లాంటివి కొన్ని వారాల్లో తగ్గడం తెలుస్తుంది, జుట్టూ చర్మమూ మాత్రం నెలలు తీసుకుంటాయి. డోస్ మొదలైన కొత్తలో జుట్టు ఇంకొంచెం ఎక్కువ ఊడినట్టు కూడా అనిపిస్తుంది కొందరికి. అది చూసి మందు పడట్లేదని మానేసేవాళ్ళని చూస్తే చాలా బాధ వేస్తుంది, ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది.

మొదటి డోస్ ఎలా లెక్కేస్తారంటే, థైరాయిడ్ అసలు పనిచేయనివాళ్ళకి, అంటే ఆపరేషన్‌లో తీసేసినవాళ్ళకీ పూర్తిగా దెబ్బతిన్నవాళ్ళకీ, కిలో బరువుకి రోజుకి 1.6 మైక్రోగ్రాములు. 60 కిలోలుంటే 96, అంటే 100 టాబ్లెట్. గ్రంథి ఇంకా కొంచెం పనిచేస్తుంటే ఆ మిగిలింది మాత్రం ఇస్తే చాలు, 25తోనో 50తోనో సరిపోతుంది. అందుకే మొదట్లో చెప్పిన ఆ 50, 125 పోలిక పనికిరాదంటాను, బరువు వేరు, గ్రంథిలో మిగిలిన బలం వేరు, కారణం వేరు. హషిమోటో అనే జబ్బులో, అయోడిన్ సరిపడా దొరికే చోట్ల ఎక్కువమందికి కారణం ఇదే, మన సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని మెల్లగా తినేస్తూ వస్తుంది, అందుకని ఇవాళ సరిపోయిన 50 ఐదేళ్ళ తర్వాత చాలకపోవచ్చు. అలా పెరిగితే అది ఎవరి తప్పూ కాదు.

పెద్దవాళ్ళకీ గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ మాత్రం పూర్తి డోస్‌తో మొదలుపెట్టరు, 12.5తోనో 25తోనో మొదలుపెట్టి ఆరేడు వారాలకోసారి కొంచెం కొంచెం పెంచుతారు. థైరాయిడ్ హార్మోన్ గుండెని వేగంగా, గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది, చాలాకాలం నెమ్మదిగా నడిచిన గుండెకి, అందులోనూ రక్తనాళాలు మూసుకుపోయిన గుండెకి ఒక్కసారిగా ఆ పని పెడితే ఛాతీ నొప్పి రావచ్చు. ఈ విషయంలో డాక్టర్ నెమ్మదిగా వెళ్తున్నారంటే సంతోషించాలి.

ఇక మా అమ్మ సంగతి. అమ్మకి చాలాకాలం 75 మీద టీఎస్‌హెచ్ 2, 3 మధ్య చక్కగా ఉండేది. ఒకసారి చూస్తే 9. డోస్ 100 చేశారు. ఆరు వారాలకి 7. మళ్ళీ పెంచి 125 చేశారు, అప్పటికి 4 చిల్లరకి దిగింది. అమ్మ బరువు పెరగలేదు, టాబ్లెట్ ఒక్కరోజు కూడా మర్చిపోదు, పొద్దున్నే లేవగానే పరగడుపునే వేసుకుంటుంది, మరి ఎందుకు ఇంత పెరుగుతోంది అని అందరం తల పట్టుకున్నాం. కొత్తగా ఇంకో డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే ఆయన రిపోర్టులు పక్కన పెట్టి "అమ్మా, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం వేసుకుంటారో వరసగా చెప్పండి" అన్నారు. అమ్మ చెప్పింది, థైరాయిడ్ టాబ్లెట్, ఇరవై నిమిషాలు ఆగి గ్యాస్ టాబ్లెట్, కాఫీ, టిఫిన్, టిఫిన్ అవగానే క్యాల్షియం. ఎముకలు బలహీనంగా ఉన్నాయని వేరే డాక్టర్ ఆ క్యాల్షియం రాసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆయన వెంటనే "ఇక్కడుంది" అన్నారు.

క్యాల్షియం, ఐరన్ ఈ రెండూ పేగుల్లో లీవోథైరాక్సిన్‌ని పట్టుకుని రక్తంలోకి పోకుండా అడ్డుపడతాయి. వాటికీ థైరాయిడ్ టాబ్లెట్‌కీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. రోజూ రాసే గ్యాస్ టాబ్లెట్లు, కడుపులో ఆసిడ్ తగ్గించేవి, ఇంకో రకంగా అడ్డుపడతాయి, టాబ్లెట్ కరగడానికి ఆ ఆసిడ్ కావాలి కాబట్టి. కాఫీ కూడా వెంటనే తాగితే ఎంతోకొంత తగ్గిస్తుంది, అందుకే కనీసం అరగంట, వీలైతే గంట ఆగమంటారు. పరగడుపున వేసుకుంటేనే టాబ్లెట్‌లో ఉన్నదాంట్లో సుమారు 60 నుంచి 80 శాతం లోపలికి పోతుంది, అది కూడా మంచిగా ఉంటేనే. అంటే అమ్మ రోజూ 125 మింగుతోంది గానీ ఒంటికి మునుపటి 75 అంత కూడా అందట్లేదు.

ఆయన క్యాల్షియం రాత్రి భోజనంలోకి మార్చారు. గ్యాస్ టాబ్లెట్ నిజంగా అవసరమా అని అడిగి, అవసరం లేదని తేలాక ఆపేశారు. ఇక్కడ ఆయన చేసిన ఇంకో పని నాకు చాలా నచ్చింది, అడ్డం తీసేస్తున్నాం కాబట్టి ఇప్పుడు 125 అలాగే ఉంచితే ఎక్కువైపోతుందని ముందే ఆలోచించి, వెంటనే 88కి తగ్గించి, ఆరు వారాలకి టెస్ట్ రాశారు. ఆ టెస్ట్‌లో 1.1 వచ్చింది, అమ్మ వయసుకి ఇంకొంచెం పైన ఉన్నా పర్వాలేదని చివరికి మళ్ళీ 75కే తెచ్చారు. మొదట్లో ఉన్న డోసే! మధ్యలో పెంచిన రెండు పెంపులూ క్యాల్షియంని దాటించడానికి పోసిన మందు. ఎవరైనా అమ్మ క్యాల్షియం మాత్రమే ఆపేసి 125 అలాగే ఉంచి ఉంటే ఆవిడ గుండె మీదా, ఏ ఎముకల కోసం క్యాల్షియం రాశారో ఆ ఎముకల మీదా దెబ్బ పడేది, ఎందుకంటే నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో థైరాయిడ్ మందు ఎక్కువైతే ఎముకలు ఇంకా పలచబడతాయి.

కాబట్టి ఎవరికైనా డోస్ చాలా ఎక్కువ కావాల్సి వస్తుంటే, అంటే కిలోకి 2 మైక్రోగ్రాములు దాటుతున్నా టీఎస్‌హెచ్ దిగకపోతే, ముందు ఎలా వేసుకుంటున్నారో చూడాలి, ఆ తర్వాత కడుపు సంగతి చూడాలి. సీలియాక్ అనే గోధుమ పడని జబ్బు, కడుపులో హెచ్ పైలోరీ ఇన్ఫెక్షన్, కడుపు లోపలి పొర అరిగిపోవడం, ఇవన్నీ ఈ మందుని లోపలికి పోనివ్వవు. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ లాంటివి మందుని తొందరగా ఖర్చు చేయించేస్తాయి. ఈస్ట్రోజెన్ ఉన్న టాబ్లెట్లు మొదలుపెడితే కూడా డోస్ పెంచాల్సి రావచ్చు. అందుకని ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టర్ దగ్గరికైనా సరే, వేసుకునే మందులన్నీ రాసున్న కాగితం జేబులో ఉండాలి. ఒక డాక్టర్ రాసింది ఇంకో డాక్టర్‌కి తెలియకపోవడం వల్లే మా అమ్మకి ఇన్ని తిప్పలు.

పొద్దున పూట ఇవన్నీ కుదరనివాళ్ళకి రాత్రి పడుకునే ముందు వేసుకోవడం మంచి దారి. రాత్రి భోజనం అయ్యి మూడు గంటలు దాటాలి, అంతే. 2010లో నెదర్లాండ్స్‌లో చేసిన స్టడీలో రాత్రి వేసుకున్నవాళ్ళకి టీఎస్‌హెచ్ పొద్దున వేసుకున్నప్పటికంటే తగ్గింది, అంటే మందు ఇంకొంచెం బాగా లోపలికి పోయినట్టు. నేను కూడా రాత్రికే మారాను, పొద్దున లేవగానే గడియారం చూసుకునే పని పోయింది, నాకైతే హాయిగా ఉంది. ఒక ముఖ్యమైన మాట, పొద్దునా రాత్రా అన్నదానికంటే రోజూ ఒకేలా వేసుకోవడం ముఖ్యం. ఎవరైనా రోజూ పాలతోనే వేసుకుంటున్నా, నంబర్ నిలకడగా ఉంటే, వాళ్ళ డోస్ ఆ అలవాటుకి తగ్గట్టే కుదిరిందని అర్థం, ఇది చదివి హఠాత్తుగా నీళ్ళకి మారిపోకండి, మారితే ఆరు వారాలకి టెస్ట్ చేయించుకోండి.

టెస్ట్ రోజు గురించి కూడా కొంచెం. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు, రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది. అందుకే ప్రతిసారీ దాదాపు ఒకే టైమ్‌కి, కుదిరితే ఒకే ల్యాబ్‌లో. పొద్దున టాబ్లెట్ వేసుకునేవాళ్ళు రక్తం ఇచ్చాక వేసుకోవడం మంచిది, ఎందుకంటే వేసుకున్న కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4, అంటే రక్తంలో దేనికీ అతుక్కోకుండా విడిగా ఉండే టీ4, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్ళు కనీసం రెండు రోజుల ముందు నుంచి ఆపాలి, ఇది చాలామందికి తెలియదు, కొన్ని ల్యాబ్ మెషీన్లలో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ, టీ4 తప్పుగా ఎక్కువ వస్తాయి. జుట్టు ఊడుతోందని బయోటిన్, బయోటిన్ వల్ల తప్పు రిపోర్ట్, ఆ రిపోర్ట్ చూసి డోస్ తగ్గింపు, దానితో ఇంకా జుట్టు ఊడటం! జ్వరమో ఆపరేషనో అయి హాస్పిటల్‌లో ఉన్నప్పుడు చేసిన టీఎస్‌హెచ్ మీద కూడా నమ్మకం పెట్టుకోకండి, ఒంట్లో బాగోలేనప్పుడు అది దానంతటదే మారుతుంది.

గర్భం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. కడుపులో బిడ్డకి మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచేయదు, మెదడు తయారవడానికి కావాల్సిన హార్మోన్ అంతా తల్లి నుంచే రావాలి. అందుకే అప్పటికే ఈ మందు మీద ఉన్న తల్లికి నాలుగైదు వారాల నుంచే అవసరం పెరగడం మొదలవుతుంది, మొత్తం మీద 25 నుంచి 50 శాతం దాకా. మొదటి చెకప్ అపాయింట్‌మెంట్ దొరికేసరికే ఎనిమిది వారాలు అయిపోతుంటే ఎలా? అందుకే డాక్టర్ల గైడ్‌లైన్స్‌లోనే ఉంది, టెస్ట్ పాజిటివ్ రాగానే వారానికి ఏడు బదులు తొమ్మిది టాబ్లెట్లు, అంటే వారంలో రెండు రోజులు రెండేసి, వేసుకోవడం మొదలుపెట్టి వెంటనే డాక్టర్‌కి చెప్పమని. పిల్లల కోసం ప్లాన్ చేసుకునేటప్పుడే ఈ మాట మీ డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు, 2.5 లోపు ఉంచడానికి చూస్తారు. కాన్పు అవగానే మళ్ళీ పాత డోస్‌కి రావాలి, ఆరు వారాలకి టెస్ట్. పసిబిడ్డ హడావుడిలో చాలామంది పెంచిన డోస్ మీదే ఉండిపోతారు, ఆ దడా ఆ నిద్రలేమీ బాలింత అలసటే అనుకుంటారు, ఇంట్లోవాళ్ళైనా గుర్తుపెట్టుకోవాలి.

ఈ నంబర్లు లేని రోజుల్లో ఎలా వేసేవారో తెలుసుకుంటే ఇప్పటి పద్ధతి మీద గౌరవం పెరుగుతుంది. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టర్ గొర్రె థైరాయిడ్ రసం ఇంజెక్షన్‌గా ఇచ్చి, బాగా ముదిరిపోయిన ఒక పేషెంట్‌ని నిలబెట్టాడు, ఆవిడ ఆ మందు మీదే ఇంకో 28 ఏళ్ళు బతికింది. 1914లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ని విడిగా తీశాడు, 1920ల్లో చార్లెస్ హారింగ్టన్ దాని నిర్మాణం తేల్చి ల్యాబ్‌లో తయారుచేసి చూపించాడు. కానీ రక్తంలో టీఎస్‌హెచ్ కొలిచే టెస్ట్ వాడకంలోకి వచ్చింది 1970ల్లోనే. అప్పటిదాకా లక్షణాలు తగ్గేదాకా పెంచుకుంటూ పోవడమే, రోజుకి 200 నుంచి 400 మైక్రోగ్రాములు మామూలు సంగతి. టెస్ట్ వచ్చాక చూస్తే చాలామందికి అది అవసరానికి మించిన డోస్ అని తేలింది. ఒంటికి ఎలా ఉందన్నది ఒక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో దాదాపు ఎనభై ఏళ్ళ అనుభవం ఉంది మన ముందు.

అలాగని నంబర్ ఒక్కటే చాలా అంటే, దానికీ నేను ఒప్పుకోను. టీఎస్‌హెచ్ 2 ఉంది, ఇంకా నీరసంగానే ఉంది అని చెప్తే "అంతా నార్మల్, మీ మనసులోనే ఉంది" అని పంపించేయడం చాలా అన్యాయం. ఐరన్, బీ12, విటమిన్ డీ, షుగర్, నిద్రలో ఊపిరి ఆగడం, డిప్రెషన్, ఇవన్నీ చూడాలి కదా. హషిమోటో ఉన్నవాళ్ళలో బీ12 లోపం ఎక్కువగా కనిపిస్తుంది కూడా. ఒక్కోసారి రేంజ్ లోపలే 3.8 నుంచి 1.5కి తెస్తే తేడా తెలిసేవాళ్ళూ ఉన్నారు, అది డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. టీ3, అంటే టీ4 నుంచి తయారయ్యే ఇంకో థైరాయిడ్ హార్మోన్, అది కూడా కలిపి ఇవ్వమని అడిగేవాళ్ళు ఉంటారు. 1970లో తేలిన సంగతి ఏంటంటే థైరాయిడ్ లేనివాళ్ళ ఒంట్లో కూడా టీ4 నుంచి టీ3 తయారవుతుంది, అందుకే టీ4 ఒక్కటే ఇస్తున్నారు. 1999లో వచ్చిన ఒక చిన్న స్టడీలో రెండూ కలిపితే బాగుందన్నారు, తర్వాత వచ్చిన పెద్ద స్టడీలు చాలావరకు ఆ తేడా చూపించలేదు. అయినా కొందరికి టీ4 ఒక్కటే సరిపోవట్లేదన్న మాట నిజమే అని నేను నమ్ముతాను, స్పెషలిస్ట్ దగ్గర జాగ్రత్తగా ప్రయత్నించవచ్చు, సొంతంగా తెప్పించుకుని మాత్రం వద్దు, టీ3 ఒంట్లోకి వేగంగా వచ్చి వేగంగా పోతుంది, గుండె మీద పడేది అదే.

బరువు తగ్గడానికి డోస్ పెంచుకోవడం గురించి ఒక్క మాటే చెప్తాను, చేయకండి. హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ తక్కువ పనిచేయడం, దాని వల్ల పెరిగే బరువు ఎక్కువమందిలో కొన్ని కిలోలే, అందులోనూ చాలావరకు నీరు. అవసరానికి మించి వేసుకుంటే కరిగేది కండ కూడా, దానితోపాటు గుండె లయ తప్పే ప్రమాదం, అరవై దాటినవాళ్ళలో మరీ. థైరాయిడ్ క్యాన్సర్ అయినవాళ్ళలో కొందరికి టీఎస్‌హెచ్ కావాలనే తక్కువ ఉంచుతారు, అది వేరే లెక్క, వాళ్ళ నంబర్ చూసి మనం పెంచుకోకూడదు. పిట్యూటరీలోనే లోపం ఉన్నవాళ్ళకి టీఎస్‌హెచ్ చూడటమే దండగ, వాళ్ళకి ఫ్రీ టీ4 చూసి వేస్తారు.

కంపెనీ మారితే డోస్ అదే ఉన్నా చిన్న తేడా రావచ్చు, కుదిరినంతవరకు ఒకే కంపెనీది వాడండి, మారితే ఆరు వారాలకి చూపించుకోండి. వేడీ తేమా వెలుతురూ ఈ టాబ్లెట్‌ని పాడుచేస్తాయి, కిటికీ దగ్గరా బాత్రూంలో అద్దం వెనకా పెట్టకండి. ఒకరోజు మర్చిపోతే కంగారేమీ లేదు, గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు గుర్తొస్తే రెండు కలిపి వేసుకోవచ్చని చాలామంది డాక్టర్లు అంటారు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం అడిగే చేయండి. 75 తక్కువ 100 ఎక్కువ అయినప్పుడు ఒకరోజు 75 ఒకరోజు 100 రాస్తారు కొందరు, అది తప్పేమీ కాదు, మందు వారం రోజులు ఒంట్లో ఉంటుంది కాబట్టి రెండూ కలిసి సగటున 87.5 అవుతుంది. నాకు ఇప్పుడు నడుస్తున్నది అలాంటిదే, క్యాలెండర్ మీద సరి తారీఖులకి ఒకటి, బేసి తారీఖులకి ఒకటి, 31 తర్వాత 1 వచ్చినప్పుడు మాత్రం ఒకటే రెండుసార్లు పడుతుంది, అడిగితే డాక్టర్ గారు దానికేం పర్వాలేదన్నారు.